పిల్లల హోమ్‌లో తప్పు జరుగుతోందని చెప్పిన ఉద్యోగికి రక్షణ ఎక్కడుంది?

ప్రశ్న: నేను ఒక ట్రస్టు నడిపే బాలికల హోమ్‌లో ట్యూటర్‌ని. తొమ్మిదో తరగతి చదివే పాప ఒకరు, హోమ్‌కి తరచూ వచ్చిపోయే ఒక పెద్దమనిషి తనతో తప్పుగా ప్రవర్తిస్తున్నాడని నాతో చెప్పింది. వార్డెన్‌కి చెబితే "మేం చూసుకుంటాం, బయట ఎక్కడా అనకండి, సంస్థ పరువు పోతుంది" అన్నారు. అప్పటినుంచి నన్ను పిల్లల గదుల వైపు వెళ్లనివ్వడం లేదు. నేను ఫిర్యాదు చేస్తే ఉద్యోగం పోతుందా? రుజువు లేకుండా నింద వేశానని నా మీదే కేసు పెడతారా? తర్వాత ఆ పాపతో మాట్లాడొచ్చా?

సమాధానం:

అమ్మా, పాప మీకు చెప్పింది, మీరు వార్డెన్‌కి చెప్పారు, వార్డెన్ "చూసుకుంటాం" అన్నారు. ఇదంతా ఇప్పటిదాకా నోటిమాటే. ఒక్క అక్షరం కూడా కాగితం మీద లేదు. రేపు వార్డెన్ "ట్యూటర్ నాకేమీ చెప్పలేదు" అంటే మీరు చూపించడానికి ఏమీ ఉండదు. నేను కొన్నేళ్లు ఒక జిల్లాలో సీడబ్ల్యూసీ సభ్యురాలిగా, అంటే బాలల సంక్షేమ సమితిలో పనిచేశాను. ఇప్పుడు వకీలుగా పోక్సో కేసుల్లో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం కింద నడిచే కేసుల్లో, పిల్లల తరఫున నిలబడుతున్నాను. పిల్లల కోసం నోరు విప్పిన ఆయాలు, వార్డెన్లు, టీచర్లు దెబ్బతిన్న కేసులు తిరగేస్తే ఎక్కువసార్లు కనిపించేది ఇదే. వాళ్ల మాట నలుగురికీ తెలిసింది కానీ రికార్డుకి ఎక్కలేదు. మీ మాట తేదీతో సహా సరైన ఆఫీసులో నమోదైతే అది పాపనీ కాపాడుతుంది, మిమ్మల్నీ కాపాడుతుంది. అందుకే ఈ సమాధానంలో ఎక్కువ భాగం ఆ కాగితం గురించే చెబుతాను.

ముందు చట్టం. 2012 పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం, పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందన్న అనుమానం ఉన్నా, ఎవరైనా సరే పోలీసులకు లేదా ప్రత్యేక బాలల పోలీసు విభాగానికి చెప్పి తీరాలి. వార్డెన్‌కి చెప్పడం దీని కిందికి రాదు. ట్రస్టు చైర్మన్‌కి మెయిల్ పెట్టినా రాదు. చెప్పకపోతే సెక్షన్ 21 కింద ఆరు నెలల వరకు జైలు లేదా జరిమానా, లేదా రెండూ. సంస్థలో తన కింద పనిచేసేవాడే నేరం చేస్తే, ఆ సంగతి పోలీసులకు చెప్పని సంస్థ పెద్దకి ఏడాది వరకు జైలు, దానితోపాటు జరిమానా. మీ ఊరిపెద్ద, మీ మేనేజ్‌మెంట్, మీ సొంత బంధువు, ఎవరు వద్దన్నా ఈ బాధ్యత మీ మీద నుంచి పోదు. నోరు విప్పితే ఏమవుతుందోనని మీరు టెన్షన్ పడుతున్నారు, అర్థమైంది. కానీ ఈ రోజున కేసు భయం ఉన్నది నోరు విప్పకపోతేనే.

ఇది ఉత్త మాట కాదని చెప్పడానికి ఒక తీర్పు చూడండి. మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా రాజురాలో ఒక బడి హాస్టల్లో గిరిజన బాలికల మీద లైంగిక దాడులు జరిగాయి. ఆ పిల్లలకు వైద్యం చేసిన డాక్టరు తెలిసి కూడా పోలీసులకు చెప్పలేదని కేసు పెట్టారు. హైకోర్టు ఆ కేసు కొట్టేస్తే, 2022 నవంబరు 2న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును పక్కనపెట్టి కేసు నడవాల్సిందేనంది. తెలిసి కూడా చెప్పకపోవడం తీవ్రమైన నేరమనీ, చాలాసార్లు అది నేరస్థుణ్ణి కాపాడే ప్రయత్నమే అవుతుందనీ కోర్టు ఉద్దేశం.

ఇక రుజువు సంగతి. రుజువు తేవడం మీ పని కాదు. చట్టం మీ నుంచి అడిగింది సమాచారం మాత్రమే. సెక్షన్ 19(7) సూటిగా చెబుతోంది: సదుద్దేశంతో సమాచారం ఇచ్చిన వ్యక్తి మీద సివిల్ బాధ్యత గానీ క్రిమినల్ బాధ్యత గానీ ఉండదు. తప్పుడు ఫిర్యాదుకు శిక్ష వేసే సెక్షన్ 22 కూడా ఉంది, మేనేజ్‌మెంట్లు దాన్నే చూపించి బెదిరిస్తాయి. కానీ అది వర్తించాలంటే అవమానించడానికో, డబ్బు గుంజడానికో, బెదిరించడానికో, పరువు తీయడానికో మాత్రమే అబద్ధపు ఫిర్యాదు చేశారని తేలాలి. కేసు చివరికి కోర్టులో నిలబడకపోయినంత మాత్రాన మీ ఫిర్యాదు అబద్ధం అయిపోదు. పాప చెప్పింది చెప్పినట్టు మీరు రాస్తే సెక్షన్ 22 మీ దరిదాపులకు రాదు. "పరువు నష్టం దావా వేస్తాం" అని లాయరు నోటీసు వచ్చినా కంగారు పడకండి. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356లో పరువు నష్టానికి ఇచ్చిన మినహాయింపుల్లో, విచారించే అధికారం ఉన్నవాళ్లకు సదుద్దేశంతో చేసిన ఫిర్యాదు కూడా ఒకటి. అదే మాట వాట్సాప్ గ్రూపులో పెడితే ఆ మినహాయింపు మీకు రాదు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు కాగితం. తెల్ల కాగితం మీద మీ చేత్తో, తెలుగులోనే రాయండి. పాప మీకు ఏ రోజు, ఎక్కడ, ఎలాంటి సందర్భంలో చెప్పిందో, పక్కన ఎవరున్నారో రాయండి. పాప ఏ మాటలు వాడిందో ఆ మాటలే రాయండి, యాసతో సహా. "అత్యాచారం జరిగింది", "వేధింపు జరిగింది" అని మీరు పేరు పెట్టకండి. ఏ నేరమో తేల్చేది పోలీసులు, కోర్టు. మీరు పెద్ద మాట వాడి, పాప చిన్న మాట వాడితే క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ తేడానే పట్టుకుని మీ ఇద్దరినీ అబద్ధాలకోరుల్ని చేస్తారు. వార్డెన్‌కి మీరు ఎప్పుడు చెప్పారో, వాళ్లు ఏమన్నారో, ఆ తర్వాత మీ డ్యూటీలో ఏం మారిందో కూడా రాయండి. పిల్లల గదుల వైపు వెళ్లనివ్వడం లేదన్నారు కదా, అది తప్పకుండా రాయాలి. రేపు మీ మీద కక్ష సాధింపు మొదలైతే, అది ఫిర్యాదుకు ముందే మొదలైందని చూపించే ఆధారం అదే.

కాగితం చివర కొన్ని కోరికలు విడిగా రాయండి. హోమ్‌లో విజిటర్స్ రిజిస్టరు, పిల్లలు బయటికి వెళ్లివచ్చే మూవ్‌మెంట్ రిజిస్టరు, మెడికల్ రిజిస్టరు ఉంటాయి. సీసీ కెమెరాలు ఉంటే వాటి ఫుటేజీ కొద్ది రోజుల్లోనే చెరిగిపోయి దాని మీద కొత్తది ఎక్కుతుంది. వాటిని వెంటనే స్వాధీనం చేసుకోమని అడగండి. రిజిస్టర్లు మాయం కావడం, రాత్రికి రాత్రే కొత్త పుస్తకం రాయించడం నేను చూశాను. మీరు మాత్రం ఆ రిజిస్టర్లను ఇంటికి తెచ్చుకోవద్దు, పిల్లల ఫైళ్లు ఫోటోలు తీసుకోవద్దు. ఏ రిజిస్టరు ఏ అల్మారాలో ఉందో పోలీసులకు చెబితే చాలు. మీరు తెచ్చుకుంటే దొంగతనం కేసు పెట్టడానికి వాళ్లకు మీరే దారి ఇచ్చినట్టు.

ఈ కాగితంతో పోలీస్ స్టేషన్‌కి వెళ్లండి. వీలైతే మీవాళ్లు ఒకరిని తోడు తీసుకెళ్లండి. హోమ్ ఏ స్టేషన్ పరిధిలోకి వస్తుందో అక్కడికే పోవాలని లేదు. స్థానిక స్టేషన్‌కీ మీ ట్రస్టుకీ స్నేహం ఉందని అనుమానం ఉంటే వేరే స్టేషన్‌లో ఇవ్వండి, జీరో ఎఫ్ఐఆర్ కట్టి బదిలీ చేయాలి. సెక్షన్ 19(2) ప్రకారం మీ సమాచారానికి ఒక ఎంట్రీ నంబరు వేసి, రాసుకుని, మీకు చదివి వినిపించి, పుస్తకంలో ఎక్కించాలి. 2020 పోక్సో నిబంధనల్లో నాలుగో నిబంధన ప్రకారం ఫిర్యాదు తీసుకున్న అధికారి తన పేరు, హోదా, ఫోన్ నంబరు, తన పై అధికారి వివరాలు మీకు చెప్పాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. "సార్ లేరు, రేపు రండి" అంటే కదలకండి. ఎంట్రీ నంబరు ఇవ్వమనండి. ససేమిరా అంటే అక్కడినుంచే 112కి ఫోన్ చేసి స్టేషన్ పేరు చెప్పండి, ఆ కాల్ రికార్డులో ఉంటుంది. తర్వాత అదే కాగితాన్ని జిల్లా ఎస్పీకి లేదా కమిషనర్‌కి స్పీడ్ పోస్టులో పంపండి. అప్పటికీ కదలకపోతే మెజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లే దారి చట్టంలో ఉంది.

అదే నాలుగో నిబంధనలో ఇంకో మాట ఉంది, మీ కేసుకి అది ప్రాణం. బాధిత బిడ్డ హోమ్‌లో ఉంటూ తల్లిదండ్రుల ఆసరా లేకపోతే, పోలీసులు ఆ బిడ్డను 24 గంటల్లో సీడబ్ల్యూసీ ముందు హాజరుపరచాలి. ఎందుకు హాజరుపరుస్తున్నారో రాతపూర్వకంగా చెప్పాలి. మీ కాగితంలో ఈ నిబంధన నంబరు వేసి మరీ అడగండి. స్టేషన్లలో రైటర్లకు సెక్షన్ 19 తెలిసినంతగా ఈ నిబంధన తెలియదు.

పోలీసులకు ఇచ్చి ఊరుకోకండి. అదే రోజు కాపీలు సీడబ్ల్యూసీ చైర్‌పర్సన్‌కి, జిల్లా బాలల రక్షణ అధికారికి, కలెక్టర్‌కి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి వెళ్లాలి. ఆ కార్యదర్శి సాధారణంగా ఒక జడ్జి, కోర్టు ఆవరణలోనే ఆఫీసు ఉంటుంది. రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కి ఒకటి పోస్టు చేయండి. ప్రతి చోటా ఇన్‌వార్డ్ ముద్ర వేయించుకోండి. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణిలోనో, ఆంధ్రాలో అయితే గ్రీవెన్స్‌లోనో ఇది ఇవ్వొద్దు. అక్కడ కాగితం పది చేతులు మారుతుంది, స్కాన్ అయి ఆన్‌లైన్‌లో ఎక్కుతుంది. సీల్డ్ కవర్లో, మీద 'కాన్ఫిడెన్షియల్' అని రాసి, కలెక్టర్ పేషీలో ఇవ్వండి. పోలీసులకు ఇచ్చే కాపీలో తప్ప మిగతా వాటిలో పాప పూర్తి పేరు అవసరం లేదు.

ఇన్ని చోట్ల ఎందుకని అడుగుతారేమో. ముజఫర్‌పూర్ గుర్తుందా? 2017-18లో బిహార్ ప్రభుత్వం రాష్ట్రంలోని హోమ్‌ల మీద సోషల్ ఆడిట్ చేయమని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ వారి 'కోశిశ్' బృందానికి అప్పగించింది. ఆ బృందం 2018లో ఇచ్చిన నివేదికలో ముజఫర్‌పూర్ బాలికా గృహం సంగతి రాసింది. మే 31న ఎఫ్ఐఆర్ అయింది. 30 మందికి పైగా బాలికల మీద లైంగిక దాడులు జరిగాయని బయటపడింది. కేసు సీబీఐకి వెళ్లింది, విచారణను సుప్రీంకోర్టు ఢిల్లీకి మార్చింది. 2020 జనవరి 20న సాకేత్ కోర్టు 19 మందిని దోషులుగా తేల్చింది. ఆ సంస్థను నడిపిన బ్రజేష్ ఠాకూర్‌కి ఫిబ్రవరి 11న బతికున్నంత కాలం జైలు శిక్ష పడింది. ఆయనకు సొంత పత్రిక కూడా ఉండేది. ఆ దోషుల జాబితాలో జిల్లా సీడబ్ల్యూసీ మాజీ చైర్మన్ ఉన్నాడు. జిల్లా బాలల రక్షణ అధికారి ఉన్నాడు. అంటే ఆ హోమ్‌లో పనిచేసే ఒక మంచి మనిషి అప్పట్లో ధైర్యం చేసి, చట్టం చూపించిన ఆఫీసుకే వెళ్లి చెప్పినా, ఆ మాట నేరుగా నేరస్థుల చేతికే చేరేది. సీడబ్ల్యూసీలో కూర్చున్న మనిషిగా ఇది రాయడం నాకు కష్టంగానే ఉంది. మన జిల్లాల్లో ఎక్కువమంది సభ్యులు నిజాయితీపరులే. అయినా ఒకే తలుపు తట్టి ఊరుకోకండి. సీడబ్ల్యూసీ పనితీరు మీదే ఫిర్యాదు ఉంటే బిడ్డ గానీ, బిడ్డతో సంబంధం ఉన్నవారెవరైనా గానీ కలెక్టర్‌కి చెప్పుకోవచ్చని 2021 సవరణ తర్వాత బాలల న్యాయ చట్టంలోనే రాసి ఉంది.

బయటి నుంచి వచ్చే తనిఖీల మీద మాత్రమే ఆధారపడితే లాభం లేదు. చట్టం ప్రకారం తనిఖీ కమిటీ మూడు నెలలకు ఒకసారైనా ప్రతి హోమ్‌కి వెళ్లాలి. కనీసం ముగ్గురు సభ్యులు, అందులో ఒక మహిళ, ఒక డాక్టరు ఉండాలి. వెళ్తారు కూడా. కానీ వచ్చేది ముందే తెలిస్తే ఆ రోజు కొత్త దుప్పట్లు, కోడిగుడ్డు కూర, ముందే నేర్పించిన జవాబులు. పిల్ల నోట్లోంచి అసలు మాట ఎవరి దగ్గర వస్తుందంటే, రోజూ జడ వేసే ఆయా దగ్గర, లెక్కలు చెప్పే ట్యూటర్ దగ్గర. 2020లో సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ అనాథాశ్రమం విషయంలో, 14 ఏళ్ల పాప అక్కడినుంచి బంధువుల ఇంటికి వచ్చిన తర్వాతే సంగతి బయటికి వచ్చింది. చికిత్స పొందుతూ ఆ పాప నిలోఫర్‌లో చనిపోయింది. హోమ్ గోడల లోపల ఉండగానే వినేవాళ్లు ఉంటే పిల్లలు బతుకుతారు. మీరు అలాంటి మనిషి కాబట్టే ఆ పాప మీ దగ్గరికి వచ్చింది.

1098 గురించి కూడా చెప్పాలి. 2023 నుంచి ఈ హెల్ప్‌లైన్‌ను ప్రభుత్వమే నడుపుతూ 112తో కలిపింది. పేరు చెప్పకుండా కూడా ఫోన్ చేయొచ్చు. పిల్లకు ఈ రాత్రే ప్రమాదం ఉందనిపిస్తే ముందు ఈ ఫోనే చేయండి. కానీ మీరు హోమ్‌లో ఉద్యోగి కాబట్టి, పేరు లేని ఫోన్ కాల్‌తో ఆగిపోతే రేపు "మీకు తెలిసీ చెప్పలేదు" అన్న ప్రశ్నకు జవాబు ఉండదు. ఫోన్ చేసిన తర్వాత కాగితం కూడా ఇవ్వండి.

లైంగిక నేరం కాకుండా కొట్టడం, తిండి పెట్టకపోవడం, వెట్టి పని చేయించడం లాంటివైతే దారి కొంచెం వేరు. ఇది మీ ప్రశ్న కాకపోయినా ఇలాంటి హోమ్‌లలో అన్నీ కలిసే ఉంటాయి కాబట్టి చెబుతున్నాను. బాలల న్యాయ చట్టం సెక్షన్ 75 ప్రకారం హోమ్ సిబ్బంది లేదా నిర్వాహకులు పిల్లల్ని హింసిస్తే ఐదేళ్ల వరకు కఠిన జైలు, ఐదు లక్షల వరకు జరిమానా. కానీ 2021 సవరణలో, మూడు నుంచి ఏడేళ్ల మధ్య శిక్ష ఉన్న ఈ చట్టపు నేరాలను నాన్ కాగ్నిజబుల్ చేశారు. మెజిస్ట్రేట్ ఉత్తర్వు లేకుండా పోలీసులు సొంతంగా దర్యాప్తు చేయలేరు. ఆ సవరణ పిల్లలకు చేసిన అన్యాయమని నా గట్టి అభిప్రాయం. ఇలాంటప్పుడు ముందు సీడబ్ల్యూసీకి వెళ్లండి. కర్రతోనో, కాల్చిన గరిటెతోనో గాయపరిస్తే న్యాయ సంహిత సెక్షన్లు కూడా పడతాయని స్టేషన్‌లో చెప్పండి.

చేయకూడనివి కొన్ని ఉన్నాయి. పాపను మళ్లీ మళ్లీ అడగకండి. ఒకసారి చెప్పింది చాలు. మీ సెల్‌ఫోన్‌లో ఆ పాప మాటలు వీడియో తీయకండి. నమ్మించడానికి అది పనికొస్తుందని అందరూ అనుకుంటారు. కోర్టులో అది "ట్యూటర్ నేర్పించి చెప్పించింది" అన్న వాదనకే పనికొస్తుంది. పాప వాంగ్మూలం తీసుకోవడానికి వీలైనంతవరకు ఎస్ఐ స్థాయికి తగ్గని మహిళా అధికారి రావాలి, యూనిఫాంలో ఉండకూడదు. తర్వాత మెజిస్ట్రేట్ రాసుకుంటారు. అలాగే విలేకరులకు, యూట్యూబ్ ఛానెళ్లకు పాప పేరు గానీ, ఫోటో గానీ, గుర్తుపట్టే వివరం ఏదైనా గానీ ఇవ్వొద్దు. పోక్సో సెక్షన్ 23, బాలల న్యాయ చట్టం సెక్షన్ 74 దానికి అడ్డం. సంస్థ పేరు బయటపెడితే పిల్లలు ఎవరో ఊళ్లో అందరికీ తెలిసిపోయే సందర్భాలే ఎక్కువ.

ఇక మీరు అసలు భయపడుతున్నది, ఉద్యోగం. ఇక్కడ మీకు ఒట్టి ధైర్యం చెప్పలేను. కేసు నుంచి చట్టం మిమ్మల్ని కాపాడుతుంది. ఉద్యోగం పోకుండా కాపాడే చట్టం మనకు లేదు. విజిల్ బ్లోయర్స్ రక్షణ చట్టం 2014లో ఆమోదం పొందింది కానీ దాన్ని అమల్లోకి తెచ్చే నోటిఫికేషన్ ఇవ్వలేదు. ఇచ్చి ఉన్నా అది ప్రభుత్వోద్యోగుల అవినీతి, అధికార దుర్వినియోగం గురించి చెప్పేవాళ్లకే. ట్రస్టు హోమ్‌లో పనిచేసే ట్యూటర్‌కి అది పనికిరాదు. ప్రభుత్వ హాస్టళ్లలో, కేజీబీవీల్లో, బాలసదనాల్లో చాలామంది కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ మీద ఉన్నారు. వాళ్లను తీసేయక్కర్లేదు కూడా, ఏప్రిల్‌లో రెన్యువల్ ఆపితే చాలు. పోక్సో సెక్షన్ 19లోనే "సమాచారం ఇచ్చిన ఉద్యోగిని ఇంతకాలం తొలగించకూడదు, బదిలీ చేయకూడదు" అని ఒక వాక్యం చేరిస్తే ఎందరో ఆయాలు రేపే నోరు విప్పుతారు. చెప్పకపోతే జైలు అని బెదిరించి, చెబితే అన్నం పోయే పరిస్థితిలో వదిలేయడం చట్టం చేసిన పెద్ద లోపం. బ్రిటన్‌లో నార్త్ వేల్స్ హోమ్‌లలో పిల్లల మీద అకృత్యాలను బయటపెట్టిన అలిసన్ టేలర్ అనే హోమ్ అధికారిణి 1987లో ఉద్యోగం పోగొట్టుకుంది. ఆమె చెప్పింది చాలావరకు నిజమేనని వాటర్‌హౌస్ విచారణ నివేదిక తేల్చింది 2000 ఫిబ్రవరిలో. ఈలోగా 1998లో ఆ దేశం ప్రజాప్రయోజనం కోసం నిజం చెప్పిన ఉద్యోగులకు రక్షణ చట్టం చేసుకుంది. మనకు అదీ లేదు.

లేదు కాబట్టి మీరే కొన్ని జాగ్రత్తలు పడాలి, ఫిర్యాదు ఇవ్వడానికి ముందే. మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు సంస్థ దగ్గర ఉంటే ఏదో ఒక అవసరం చెప్పి వెనక్కి తీసుకోండి. ఇది చాలామంది మరిచిపోయి తర్వాత ఏళ్ల తరబడి తిరుగుతారు. నియామక పత్రం, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్లు, హాజరు వివరాలు ఇంట్లో పెట్టుకోండి. మీ చేతిలో తాళాలు, స్టాకు, పెట్టీ క్యాష్ ఏమైనా ఉంటే లెక్క రాసి, సంతకం తీసుకుని అప్పగించేయండి. ఎందుకంటే నోరు విప్పిన ఉద్యోగి మీద మొదట వచ్చే నింద దొంగతనం. రెండోది "ఈమే పిల్లల్ని కొట్టేది" అని వేరే పిల్లలతో రాయించడం. మీ ఫిర్యాదు తేదీ ముందుగా ఉంటే ఈ రెండింటికీ విలువ సగం తగ్గిపోతుంది. ఖాళీ కాగితం మీద, ముందే రాసి పెట్టిన రాజీనామా మీద సంతకం పెట్టొద్దు. మెమో ఇస్తే గడువులోగా రాతపూర్వకంగా జవాబివ్వండి, దాని మీదా రసీదు తీసుకోండి. తీసేసినా, జీతం ఆపినా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు, 1987 చట్టంలోనే ఆ హక్కు ఉంది. 15100కి ఫోన్ చేసినా చెబుతారు. లేబర్ ఆఫీసుకా, సివిల్ కోర్టుకా అన్నది మీ నియామక పత్రం చూసి ఆ లాయరు తేలుస్తారు.

బెదిరింపులు వస్తే వేరే దారి ఉంది. మీరు ఇప్పుడు సాక్షి. 2018 డిసెంబరు 5న సుప్రీంకోర్టు మహేందర్ చావ్లా కేసులో సాక్షుల రక్షణ పథకాన్ని దేశమంతటికీ అమలు చేసింది. ఆ పిటిషన్ వేసినవాళ్లలో ఆశారాం కేసు సాక్షి ఉన్నాడు, ఆ కేసులో బాధితురాలు మైనరు బాలిక. జిల్లా జడ్జి అధ్యక్షతన ఒక కమిటీ ఉంటుంది, జిల్లా పోలీసు అధికారి సభ్యుడు. పబ్లిక్ ప్రాసిక్యూటర్ ద్వారా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ప్రమాదం ఎంతో డీఎస్పీ లేదా ఏసీపీ నివేదిక ఇస్తారు. ప్రాణానికి ప్రమాదం ఉన్నా, పరువుకో ఆస్తికో ఉన్నా, ఉత్త బెదిరింపులే అయినా ఈ పథకం కిందికి వస్తాయి. ఇంటి చుట్టూ పోలీసు గస్తీ నుంచి ఫోన్ నంబరు మార్పించడం వరకు చేయొచ్చు. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 398 ప్రకారం ప్రతి రాష్ట్రమూ ఇలాంటి పథకం ప్రకటించాలి. తప్పుడు సాక్ష్యం చెప్పమని బెదిరించడం న్యాయ సంహిత సెక్షన్ 232 కింద విడి నేరం. వచ్చిన ఫోన్ కాల్స్, మెసేజ్‌లు చెరపకండి. పాప ఎస్సీ లేదా ఎస్టీ అయి, నిందితుడు ఆ వర్గాలవాడు కాకపోతే, కేసులో అట్రాసిటీ చట్టం సెక్షన్లు చేర్చమని అడగండి. ఆ చట్టంలోని 15ఎ సెక్షన్ బాధితులతో పాటు సాక్షులకూ, సమాచారం ఇచ్చినవారికీ రక్షణ కల్పించాలంటోంది. మన హోమ్‌లలో, హాస్టళ్లలో ఉండే పిల్లల్లో ఈ కుటుంబాల వాళ్లే ఎక్కువ, అయినా ఈ సెక్షన్ సంగతి ఫిర్యాదు రాసే రోజున ఎవరికీ గుర్తుకు రాదు.

ఇది చదివేవాళ్లలో హోమ్‌లకు డబ్బు పంపే మనవాళ్లు కూడా ఉంటారు, అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి పుట్టినరోజుకి అన్నదానం చేయించేవాళ్లు. మీరు పిల్లలతో ఫోటో అడగడం మానేసి రెండు విషయాలు అడగండి. 2020 పోక్సో నిబంధనల ప్రకారం ఉండాల్సిన బాలల రక్షణ విధానం ఈ సంస్థకు ఉందా, రాతలో చూపించమనండి. మేనేజ్‌మెంట్‌తో సంబంధం లేని ఏ మనిషికి సిబ్బంది ఫిర్యాదు చేయొచ్చో ఆ పేరు, నంబరు వంటగది గోడ మీద ఉందా అని అడగండి. ఫిర్యాదు చేసిన ఉద్యోగిని విచారణ పూర్తయ్యేదాకా తీసేయకూడదన్న షరతు మీ విరాళం కాగితంలో పెట్టొచ్చు. చట్టం ఇవ్వని రక్షణ మీ డబ్బు ఇప్పించగలదు.

చివరగా, పాపతో మాట్లాడటం గురించి అడిగారు. ఫిర్యాదు అయ్యాక నేరుగా వెళ్లి కలవకండి, ఫోన్ చేయకండి, వేరే పిల్లల ద్వారా కబురు పంపకండి. మీరూ సాక్షే, పాపా సాక్షే. సాక్షిని ప్రభావితం చేశారన్న మాట రాకూడదు. కానీ మీరు ఒక్కసారిగా మాయమైతే, తాను చెప్పడం వల్లే మేడం వెళ్లిపోయిందని ఆ పాప అనుకుంటుంది. అందుకే సీడబ్ల్యూసీకి ఇచ్చే కాపీలో ఈ మాట రాయండి: పాపకు వెంటనే సపోర్ట్ పర్సన్‌ను, అంటే కేసు నడిచినంతకాలం తోడుండే మనిషిని, నియమించాలి, మీరు వెళ్లిపోవడం పాప తప్పు వల్ల కాదని ఆ మనిషి ద్వారా చెప్పించాలి, పాపను వేరే హోమ్‌కి మారిస్తే చదువు ఆగకుండా, అక్కచెల్లెళ్లు ఉంటే విడదీయకుండా మార్చాలి. నిందితుణ్ణీ, అతనికి అండగా ఉన్న సిబ్బందినీ దూరం పెట్టే బదులు చెప్పిన పిల్లనే మూటాముల్లె సర్ది పంపేయడం మామూలైపోయింది. దానికి అభ్యంతరం ఉందని మీరు రాసి పెడితే కమిటీ ఆ విషయం మీద కారణాలతో ఉత్తర్వు రాయాల్సి వస్తుంది. మిమ్మల్ని కలవాలని పాప అడిగితే, కమిటీ అనుమతితో, సపోర్ట్ పర్సన్ పక్కన ఉండగా కలవొచ్చు. కేసు గురించి ఒక్క ముక్క మాట్లాడకండి. లెక్కల పుస్తకం తీసుకెళ్లండి.